పద్దెనిమిది అంగుళాల చక్రాలు

ఆ కారు కొనేనాటికి నాకు యాభై దాటాయి. అప్పటిదాకా నేను నడిపినవన్నీ చేపల బండ్లే. మాది మచిలీపట్నం పక్కన సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. పెళ్ళయి విజయవాడ పటమటకు వచ్చాక కూడా చేపల వ్యాపారమే. రేవులో సరుకు ఎత్తుకుని, మీద ఐసు కొట్టించుకుని, అది కరిగేలోపు విజయవాడ మార్కెట్లో దించాలి. ఒకరోజు డ్రైవరు రాకపోతే వ్యాను తాళాలు నేనే తీసుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాటిని ఎవరికీ ఇవ్వలేదు.

వ్యాపారం పెరిగి లారీలు మాట్లాడుకున్నాక నాకు స్టీరింగుతో పనిలేకుండా పోయింది. రోజంతా ఫోన్లో మాట్లాడటమే పని. చేతులు ఖాళీ అయినట్టు అనిపించేది. ఆ రోజుల్లోనే మా వీధిలో ఉండే ఒక డాక్టరుగారు తన ఎర్ర కారు అమ్ముతున్నారని తెలిసింది. చూడటానికి మామూలు నాలుగు తలుపుల బండి. ముందున్న టర్బో ఇంజిను మాత్రం మామూలుది కాదు. ఒకసారి నడిపి చూడమని తాళాలిచ్చారు. బందరు రోడ్డు మీద మూడో గేరులో కాలు నొక్కాను. వీపు సీటుకు అంటుకుపోయింది. ఇంటికొచ్చి మా ఆయనతో, "కొంటున్నానండీ" అన్నాను.

"ఉండేది మనమిద్దరం. అంత ఇంజినెందుకే మనకి?" అన్నారాయన.

"నాకు కావాలి" అన్నాను. అంతకుమించి కారణమేదీ నా దగ్గర లేదు. ఆయన కూడా అడగలేదు.

కొన్న కొద్దిరోజులకే దానిలో లోటు ఏమిటో తెలిసింది. కరకట్ట మీద అవనిగడ్డ వైపు వెళ్ళేటప్పుడు మలుపు తిప్పితే, ఇంజిను సిద్ధంగా ఉండేది, స్టీరింగు సిద్ధంగా ఉండేది, టైర్లు మాత్రం ఒక క్షణం ఆలోచించుకునేవి. పదహారు అంగుళాల చిన్న చక్రాలు, వాటి చుట్టూ ఎత్తయిన మెత్తటి టైర్లు. మలుపులో ఆ రబ్బరు పక్కకు ఒరిగిపోయేది. వదులు చెప్పులేసుకుని పరిగెత్తినట్టుండేది. పెద్ద చక్రం వేసి, దాని మీద ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న టైరు వేస్తే ఆ ఒరగడం పోతుంది. చూడటానికి కూడా బాగుంటుంది. ఆ రెండో కారణం నేను ఎవరికీ చెప్పలేదు కానీ, మొదటిదానికంటే అది తక్కువదేం కాదు.

ఆటోనగర్‌లో చక్రాల షాపు నడిపే భాయ్ ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. గొంతు పెద్దది, ధైర్యం అంతకంటే పెద్దది. ఆ వీధిలో ఏ బండికైనా తను కూర్చోబెట్టలేని చక్రం లేదని అందరికీ చెబుతుంటాడు. నన్ను చూడగానే, "రండక్కా, సారు రాలేదా?" అన్నాడు.

"బండి నాది భాయ్. పద్దెనిమిది అంగుళాల అల్లాయ్‌లు కావాలి."

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి కారును చూశాడు. తర్వాత లోపలికెళ్ళి ఒక చక్రం దొర్లించుకుంటూ వచ్చాడు. ముదురు బూడిద రంగు, ఐదు సన్నటి కమ్మీలు. ఎర్ర బండి పక్కన పెట్టగానే నాకు ఇంకేం చూడాలనిపించలేదు. సాయంత్రానికల్లా నాలుగూ బిగించేశాడు. ఇంటికి వెళ్తుంటే కొట్ల అద్దాల్లో నా కారును నేనే చూసుకుంటూ వెళ్ళాను.

ఆ సంతోషం ఆదివారం దాకా నిలిచింది. చల్లపల్లిలో మా ఆడపడుచు ఇల్లు. ఆవిణ్ణీ, ఆవిడ భర్తనీ వెనక సీట్లో ఎక్కించుకుని ఒక పెళ్ళికి బయల్దేరాం. ఇద్దరూ పుష్టిగా ఉంటారు. ఊరు దాటి కాలవ వంతెన ఎక్కి దిగామో లేదో, వెనక నుంచి గర్రుమని చప్పుడు. తర్వాతి గతుకులో మళ్ళీ అదే. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"ఏంటొదినా, బండి అరుస్తంది?" అంది మా ఆడపడుచు భయంగా.

దిగి చూశాను. వెనక టైరు అంచు మడ్‌గార్డు లోపలి రేకుకు రాసుకుని, చాకుతో చెక్కినట్టు లేచిపోయింది. మా ఆయన వంగి చూసి, వేలాడుతున్న రబ్బరు ముక్కను లాగి పక్కన పారేశారు. మిగతా దారంతా ఎడ్లబండిలా నడుపుకుంటూ వెళ్ళాను. మేము చేరేసరికి తాళి కట్టడం కూడా అయిపోయింది.

మర్నాడు భాయ్ దగ్గరకు వెళ్ళాను. ఆయన టైరు చూసి తల గోక్కున్నాడు. "ఏం పర్లేదక్కా. స్ప్రింగుల కింద రబ్బరు బిళ్ళలు పెట్టి బండిని కాస్త ఎత్తేద్దాం."

"ఎత్తితే మలుపుల్లో ఊగుతుంది భాయ్. ఊగకూడదనే కదా ఇదంతా."

"అయితే వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి."

నేను ఆయన వంక చూశాను. ఆయనకే నవ్వొచ్చింది. తర్వాత మెల్లగా, "పాతవి వేసెయ్యమంటారా?" అన్నాడు. పాత చక్రాలు గోడ వారగా దుమ్ము పట్టి ఉన్నాయి. వేసెయ్యమనడానికి నోరు రాలేదు. ఒక రోజు ఆగమని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రం చపాతీలకు పిండి కలుపుతున్నాను. మనసంతా ఆ మడ్‌గార్డులోనే ఉంది. బండి కదులుతున్నప్పుడు టైరు ఎక్కడ తగులుతోందో, ఎక్కడ ఖాళీ ఉందో లోపల కూర్చుని చూడలేం కదా. చేతిలోని ముద్దను వేలితో నొక్కాను. వేలు లోపలికి దిగి ముద్ద పలచబడింది. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉండిపోయింది. నేను కాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఇంకో రెండు గ్లాసుల పిండి పోసి గట్టిగా కలిపాను.

"చుట్టాలెవరన్నా వస్తున్నారా?" అన్నారు మా ఆయన.

"చక్రాలకండీ" అన్నాను.

పొద్దున్నే స్టీలు డబ్బా పట్టుకుని షాపుకు వెళితే భాయ్ టిఫిను అనుకున్నాడు. విషయం చెప్పగానే పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే జాకీ తెచ్చాడు. చక్రాలు విప్పి, మడ్‌గార్డు లోపల పైన, పక్కన, అంచు మీద, లోపలి వైపు ఒకే మందంలో పిండి ముద్దలు అతికించాం. మళ్ళీ చక్రాలు బిగించి, షాపులో పనిచేసేవాళ్ళలో లావుపాటి ముగ్గుర్ని వెనక కూర్చోబెట్టాడు. తను నా పక్కన కూర్చున్నాడు. ఆటోనగర్‌లో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో అన్నీ ఎక్కించి దింపాను. గేటు దగ్గర గుండ్రంగా తిప్పాను.

తిరిగొచ్చి చక్రాలు విప్పాక భాయ్ నవ్వు ఆగిపోయింది. వెనక అంచు మీది ముద్దలు పూర్తిగా తెగిపోయి, కింద రేకు మెరుస్తోంది. లోపలి వైపు పెట్టినవి మాత్రం నేను అతికించినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, నా వేలి ముద్రలతో సహా ఉన్నాయి.

"బయట చోటు లేదు. లోపల బోలెడంత ఉంది" అన్నాను.

"చక్రం లోపలికి జరగాలి" అన్నాడు ఆయన. ఒక ముద్దను ఊడదీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూశాడు. "ఆఫ్‌సెట్ తప్పింది. నేను చూడాల్సింది."

ఆఫ్‌సెట్ అంటే చక్రం బిగించే చోటు నుంచి అది ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనే లెక్క. అవే చక్రాలు, అదే పద్దెనిమిది అంగుళాలు, కాస్త లోపలికి కూర్చునే రకం తెప్పిస్తానన్నాడు. టైర్లు కూడా ఒక మెట్టు తక్కువ ఎత్తువి ఎంచుకున్నాం. అప్పుడు చక్రం పెరిగినా, టైరుతో కలిపి మొత్తం ఎత్తు కంపెనీ ఇచ్చినంతే ఉంటుంది. మడ్‌గార్డు లోపల రేకు అంచు ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని కూడా మడిచేస్తే ఇక తిరుగుండదని ఇద్దరం అనుకున్నాం.

ఆ మడిచే పని చూడాలి. అక్కడ మాత్రం భాయ్ చేతులకు నేను దణ్ణం పెట్టాను. వేడిగాలి గన్నుతో రేకును కాస్త కాస్త వేడి చేస్తూ, పిడికి బిగించిన రబ్బరు రోలరుతో మెల్లగా నొక్కుతూ వెళ్ళాడు. తొందరపడితే పైన రంగు పెచ్చులూడుతుంది. అంత గట్టిగా మాట్లాడే మనిషి ఆ గంటసేపు నోరు విప్పలేదు. పూర్తయ్యాక అరచేత్తో మడ్‌గార్డు మీద నిమిరి, "చూడండక్కా, ఒక్క గీత పడిందేమో" అన్నాడు. పడలేదు. ఎర్ర రంగులో ఆయన ముఖం కనబడుతోంది.

కొత్త చక్రాలు బిగించి, అలైన్‌మెంట్ చేయించి, నేను నేరుగా చల్లపల్లి వెళ్ళాను. మా ఆడపడుచు గుమ్మంలోనే ఆగి, "అరుస్తదా?" అంది.

"ఎక్కొదినా."

భార్యాభర్తలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని, అదే కాలవ వంతెన, వేగం తగ్గించకుండా ఎక్కాను. దిగాను. చప్పుడు లేదు. గతుకుల దగ్గర చెవులు రిక్కించాను. అక్కడా లేదు. మలుపు తిప్పితే కారు రోడ్డును పట్టుకుని తిరిగింది, నా చేతికీ నేలకీ మధ్య ఇంకెవరూ లేనట్టు. అద్దంలో చూస్తే మా ఆడపడుచు నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అంతకు మించిన సర్టిఫికెట్టు నాకు ఎవరిస్తారు!

కొన్ని నెలల తర్వాత భాయ్ ఫోను చేశాడు. "అక్కా, మంగళగిరి దగ్గర లేఅవుట్లో కార్ల పోటీ పెడతన్నారు. కోన్‌లు పెట్టి వాటి మధ్యలోంచి పోనివ్వాలంట. మన బండి తీసుకెళదాం." మన బండి అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఈ వయసులో పోటీలేంటని మా ఆయన ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆదివారం పొద్దున నేను లేచేసరికి కింద టైర్లలో గాలి చూస్తున్నారు.

ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్ అది. నల్లటి రోడ్లు, చుట్టూ ఎండిన గడ్డి. వచ్చినవాళ్ళందరూ నా కొడుకుల వయసు వాళ్ళు. చీర కొంగు బిగించుకుని హెల్మెట్ పెట్టుకుంటుంటే అందరూ తిరిగి చూశారు. జెండా ఊపే అబ్బాయి వంగి, "ఆంటీ, కంగారు పడకండి. మెల్లగా పోనివ్వండి" అన్నాడు.

మొదటిసారి కంగారే పడ్డాను. మూడో మలుపులోకి మరీ వేగంగా వెళ్ళి ఒక కోన్‌ను ఎగరగొట్టాను. భాయ్ అద్దం దగ్గరకొచ్చి, "టైర్లు పట్టుకుంటన్నాయక్కా. మీరే ముందు బ్రేకు కొట్టట్లేదు" అన్నాడు. నిజమే.

రెండోసారి మలుపుకు ముందే బ్రేకు తొక్కాను. కోన్‌ను చూడటం మానేసి, దాని తర్వాతి కోన్‌ను చూశాను. స్టీరింగు ఎంత తిప్పితే కారు అంతే తిరిగింది. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. ఏ చక్రం ఎక్కడుందో నాకు చేతి వేళ్ళంత స్పష్టంగా తెలుస్తోంది. చివరి మలుపు బయటికొచ్చి కాలు మొత్తం నొక్కాను. గీత దాటి ఆపాక గానీ నేను గట్టిగా నవ్వుతున్నానని తెలియలేదు.

మా రకం కార్లలో నాది మొదటి స్థానం. మైకులో చెప్పగానే భాయ్, "మా అక్క! చక్రాలు నావి!" అని అరిచాడు. జెండా అబ్బాయి వచ్చి, "ఆంటీ, సారీ అండీ" అని నవ్వుతూ చెయ్యి కలిపాడు. కుర్రాళ్ళు కారు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని మడ్‌గార్డుల్లోకి తొంగి చూస్తూ ప్రశ్నలడిగారు. మా ఆయన నాకిచ్చిన బహుమతి కప్పు పట్టుకుని, వాళ్ళకు ఆఫ్‌సెట్ గురించి సగం తప్పుగా, పూర్తి గర్వంగా చెబుతున్నారు. నేను సరిదిద్దలేదు.

తిరిగి వస్తుంటే వారధి దాటాక సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కనే ఆగిన ఆటో డ్రైవరు చక్రాల వంక, కారు వంక చూసి, మా ఆయనతో, "సార్, బండి అదిరిందండీ. మైలేజెంతిస్తదేంటి?" అన్నాడు.

"ఆవిణ్ణడగండి" అన్నారాయన, ఒళ్ళో కప్పు సర్దుకుంటూ. "బండి ఆవిడది. ఇవాళ ఫస్టొచ్చింది."

ఆటో ఆయన నావైపు వంగి చూసి, హారన్ రెండుసార్లు కొట్టాడు. పచ్చదీపం పడింది. నేను క్లచ్ వదిలాను.