తెల్లగుడ్డకు సంచి ఎందుకు

మొన్న శివరాత్రికి ముందు మా సందులో ఒక పెద్దావిడ పోయింది. తాపీ పనుల్లో ఇటుకలు మోసి మోసి, నరసరావుపేటలో సగం మేడలను తన నెత్తిమీదుగానే పైకి పంపిన మనిషి. ఆవిడ కూతురిది మా పక్కిల్లే. పక్కింటి అమ్మాయి అంటున్నాను గానీ దానికే పెళ్ళీడుకొచ్చిన కూతురుంది, నన్ను బాబాయ్ అని పిలుస్తుంది కాబట్టి నాకది ఎప్పటికీ అమ్మాయే. పాస్టరు గారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టబోతుండగా సందు మొగలో వ్యాను ఆగింది. మెడలో కార్డులు వేసుకున్న కుర్రాళ్ళిద్దరు దిగారు, ఒకడి చేతిలో బ్యానరు, ఇంకొకడి చేతిలో బంగారు రంగు అక్షరాలు మెరిసే సంచి. ఆ సంచిని నేను మైలు దూరం నుంచైనా గుర్తుపడతాను, నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి తెల్లబడ్డాక బయటికొచ్చిన బట్టల కొట్టుది అది. ఆ కొట్టు పేరు మీద ఇప్పుడొక ఫౌండేషను ఉంది, చావు జరిగిన పేదింటికి తెల్లగుడ్డ పంపడం దాని సేవల్లో ఒకటి.

కుర్రాళ్ళు బ్యానరు గోడకు కట్టారు. తల్లి పక్కన కూలబడి ఉన్న అమ్మాయిని లేపి నిలబెట్టి, సంచి చేతికిచ్చి, కొంచెం ఇటు చూడండి మేడమ్ అన్నారు. మొహానికి చెయ్యి అడ్డమొచ్చిందని రెండోసారి తీశారు. పోతూ పోతూ, మీ ఫోటో కోటప్పకొండ దారిలో ఫ్లెక్సీ మీద వస్తుంది మేడమ్, శివరాత్రి తిరునాళ్ళకి జనమంతా చూస్తారు అని చెప్పారు. పాపం, వాళ్ళు శుభవార్తే చెబుతున్నామనుకున్నారు. వ్యాను కదిలాక ఆ అమ్మాయి గుడ్డ తీయబోయి సంచి మీది రాత చదివింది, చదివి నా వైపు తిరిగింది.

"బాబాయ్, మీ కొట్టోళ్ళు మళ్ళీ దయచేయండి అని రాశారేంది? ఈసారి ఎవుర్ని తీసకపోవాల?"

పెళ్ళిచీరలకు ఇచ్చే సంచే అది. మీ రాకకు ధన్యవాదములు, మళ్ళీ దయచేయండి. ఎవరేమన్నా తిరిగి ఒక మాట అంటించకుండా ఊరుకోనివాణ్ణని నాకు పేరు, ఆ రోజు మాత్రం ఆ సంచి తీసుకుని, రాత లోపలికి పోయేలా మడిచి నా దగ్గర పెట్టుకున్నాను.

మన వయసువాళ్ళకు ఆ కొట్టు గుర్తుండే ఉంటుంది, అద్దాల మేడ కాకముందు. బాట కంటే రెండు మెట్లు ఎత్తున అరుగు, దాని మీద పరుపులు, పరుపుల మీద తెల్లదుప్పటి, చెప్పులు కింద విడిచి పైకెక్కి కూర్చుంటే మేం తాన్లు దొర్లించి చూపించేవాళ్ళం. తొమ్మిదో తరగతిలో నేను బడిని వదిలేశానో బడి నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. దాచేపల్లి నాపరాళ్ళ లారీల మీద కొన్నాళ్ళు తిరిగి, పెళ్ళయ్యాక మా మామగారి సిఫారసుతో గుమాస్తాగా చేరాను. షావుకారు గారు నన్ను చూసి, వీడికి చదువు లేదు గానీ నోరుంది, చీరల దగ్గర కూర్చోబెట్టండి అన్నారు. నిజంగానే నా నోటితో చానా చీరలు అమ్మాను. ఒప్పిచర్ల నుంచో బెల్లంకొండ నుంచో బస్సు దిగి వచ్చిన అత్తాకోడళ్ళు ఒకే చీర దగ్గర మాట పట్టింపులకు పోతే, అత్తగారికి కోడలి వయసుందని, కోడలికి అత్తగారి తెలివుందని చెప్పి రెండు చీరలు కట్టించి పంపేవాణ్ణి. మెట్లు దిగేటప్పుడు, మళ్ళీ రండమ్మా అనేవాళ్ళం అందరం ఒకే గొంతుతో. ఎంత అలవాటైపోయిందంటే, మా బావమరిది భోంచేసి వెళుతుంటే కూడా చెయ్యెత్తి మళ్ళీ రండమ్మా అన్నాను, వాడు ఏడాదిపాటు రాలేదు.

ఆ మాట అనకూడని బేరం ఒక్కటే ఉండేది. ఆ బేరానికొచ్చిన మనిషి పైకెక్కడు, మెట్ల దగ్గరే నిలబడి, తెల్లగుడ్డ కావాలంటాడు. తెల్లగుడ్డ పంచెలకీ కావాలి, దిండుగలేబులకీ కావాలి, అయినా ఆ నిలబడ్డ తీరు చూస్తే తెలిసిపోయేది. అప్పుడు రండి అనడం లేదు, కూర్చోండి అనడం లేదు. ఎవరు పోయారని అడగడం లేదు. గల్లాపెట్టె పక్కన కింది అరలో ఆ తాను విడిగా ఉండేది, దాన్ని బద్దతో కొలవరు, కత్తెర పెట్టరు. షావుకారు గారే లేచి, బారలు చాచి, ఇంకో బార ఎక్కువే పట్టి, చర్రున చింపి, మడత పెట్టి, ఆయనే మెట్లు దిగి వెళ్ళి చేతికిచ్చేవారు. డబ్బు మాట అటూ లేదు, ఇటూ లేదు. ఆ మనిషి తలవంచుకుని వెళ్ళిపోయేవాడు, కొట్లో ఒక్కరం కూడా మళ్ళీ రండి అనేవాళ్ళం కాదు. నోరు తెరిచి బతికే నాకు ఆ కాసేపు నోరు మూసుకోవడమే ఉద్యోగం. హిందువులకైనా, పెట్టెలో పరచడానికి క్రైస్తవులకైనా, కఫన్‌కి సాయిబులకైనా అదే తాను, అదే పద్ధతి.

ఒకసారి మా గుమాస్తాల్లో ఒకాయన గుర్రుమంటూ కబురు తెచ్చాడు. చావుకని గుడ్డ పట్టుకుపోయిన రాళ్ళగని కూలీ ఒకడు దాంతో చొక్కా కుట్టించుకుని సంతలో తిరుగుతున్నాడట. షావుకారు గారు గల్లా దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు.

"వాడికి చొక్కా లేదన్నమాటేగా. ఉన్నవాడెవడన్నా చచ్చిపోయానని చెప్పుకుంటాడంట్రా?"

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. తెల్లగుడ్డ తీసుకెళ్ళినవాళ్ళే కొన్నాళ్ళకు పిల్లల బట్టలకో, పండక్కో వచ్చేవారు. వాళ్ళు మమ్మల్ని చూసి కాస్త తటపటాయిస్తే, షావుకారు గారు వాళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు, ఏ ఊరండీ మీది అని అడిగేవారు. ఆయనకు జ్ఞాపకశక్తి లేక కాదు, నా చిన్న చిన్న అబద్ధాలన్నీ ఏ రోజువో చెప్పగలిగేవారు. వాళ్ళు ఆ ప్రశ్నతో కుదుటపడి పైకెక్కి కూర్చుని, ధర దగ్గర మాతో దర్జాగా పోట్లాడేవారు.

ఆయన పోయాక కొడుకులు కొట్టును మూడంతస్తుల షోరూము చేశారు. తండ్రి పేరుతో ఫౌండేషను పెట్టారు, ఆ మాట మెచ్చుకోకుండా ఉండలేను. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టించారు, కళ్ళ ఆపరేషన్లు చేయించారు, మా వీధి ముసలమ్మ ఒకావిడ ఆ పుణ్యాన మనవణ్ణి స్పష్టంగా చూసి వీడింత నల్లగా ఉన్నాడేందిరా అని ఆశ్చర్యపోయింది. ట్రస్టీల్లో పాత సిబ్బంది నుంచి ఒకరుండాలని షావుకారు గారు చివర్లో అన్నారట, అలా నాకూ ఒక కుర్చీ వేశారు. ట్రస్టీ అంటే ఏ తాళంచెవో చేతికిస్తారనుకున్నాను, టీ ఇచ్చారు. అధ్యక్షుడు పెద్దబాబు, అంటే షావుకారు గారి పెద్దకొడుకు. ఆయన బావమరిది ఖర్చుల సంగతి చూస్తాడు. రిటైరైన లెక్చరరు గారొకరు మాటలు చూస్తారు. హైదరాబాదులో ఉండే షావుకారు గారి అల్లుడు ఫోన్లోంచి దారి చూపిస్తాడు, బల్ల మధ్య ఆ ఫోను నిలబెట్టి అందరం దానికి నమస్కారం పెట్టి మొదలుపెడతాం.

తెల్లగుడ్డను కిట్టు చేసి, ఇచ్చేటప్పుడు ఫోటో తీయాలన్న ఆలోచన ఆ ఫోన్లోంచే వచ్చింది. ఇచ్చినట్టు రుజువుండాలి, మనల్ని చూసి నలుగురూ ముందుకు రావాలి అన్నాడు అల్లుడు. నాకు ఒళ్ళు మండిపోయి, శవం నవ్వకపోతే మళ్ళీ తీస్తారా బాబూ అని అడిగాను. అందరూ పగలబడి నవ్వారు, ఫోను కూడా నవ్వింది. నేను కోపంతో అన్నానని ఒక్కడికీ తట్టలేదు. ఏళ్ళ తరబడి నవ్వించినవాడికి ఉండే తిప్పలే అవి, వాడు ఏడ్చినా కొత్త రకం జోకనుకుంటారు. ఆ నవ్వుల్లోనే తీర్మానం అయిపోయింది.

అందుకే పెద్దావిడను సమాధి చేసిన మర్నాడు పక్కింటి అమ్మాయి మా గడపలోకొచ్చి, బాబాయ్, మా అమ్మని కొండ దారిలో నిలబెట్టొద్దని చెప్పవా అని అడిగినప్పుడు, నేను చెబితే నవ్వుతారమ్మా, నువ్వు కూడా రా అన్నాను. ఆ వారమే ట్రస్టీల మీటింగు. శివరాత్రి దగ్గరపడింది, ఫ్లెక్సీ అచ్చుకు వెళ్ళబోతోంది, ఆపితే ఆ రోజే ఆపాలి.

మూడో అంతస్తులో ఏసీ గది బయట ఆ అమ్మాయిని కూర్చోబెట్టి లోపలికెళ్ళి, సంచిని బల్ల మీద పెట్టి, రాత చదివి వినిపించాను. అందరూ నాలుక కరుచుకున్నారు, అది ఒప్పుకోవాలి. పెద్దబాబు మొహం కందిపోయింది. సరే, ఇక ఫోటో సంగతి ఎత్తుదామనుకునేలోపల, ఆ రాత తీసేసి దాని చోట ఏం రాయాలన్నదాని మీద చర్చ మొదలైంది. మీ దుఃఖంలో మేమున్నాము అని లెక్చరరు గారు అన్నారు. వారి ఆత్మకు శాంతి కలుగుగాక అంటే హుందాగా ఉంటుందని బావమరిది అన్నాడు. రెండూ రాసి కింద ఫోను నంబరు వేద్దామన్నాడు అల్లుడు. టీలు వచ్చాయి, బిస్కట్లు వచ్చాయి, దుఃఖమా విషాదమా అన్న దగ్గర బాగా ఆలస్యమైంది. షావుకారు గారు ఇచ్చేటప్పుడు ఏమనేవారని పెద్దబాబు నన్ను అడిగాడు. ఏమీ అనేవారు కాదు బాబూ అన్నాను. ఏమీ రాయకపోతే బోసిగా ఉంటుందండీ అన్నారు లెక్చరరు గారు. చావిల్లు బోసిగా కాక పెళ్ళిపందిరిలా ఉంటుందా అని లేచి నిలబడ్డాను. అప్పుడు కూడా బావమరిది నవ్వాడు.

ఇక లాభం లేదని తలుపు తీసి ఆ అమ్మాయిని లోపలికి పిలిచాను. అది చెప్పులు బయటే విడిచి వచ్చింది. గోడకు ఫ్లెక్సీ నమూనా అంటించి ఉంది, అందులో తనే ఉంది, వెనకాల తల్లి కాళ్ళు కనబడుతున్నాయి. దాన్ని చూసింది, చూసి అరవలేదు, పెద్దబాబు వైపు తిరిగింది.

"అన్నా, మీ నాయన పోయినప్పుడు నేను కూడా వచ్చా. మా అమ్మ నన్ను ఎంటబెట్టుకొచ్చింది, మా నాయనకి గుడ్డ మీ నాయనే ఇచ్చాడని. మీరు చానా ఏడ్చారు. ఆ పొద్దు మిమ్మల్నెవురన్నా ఫోటో తీశారా?"

అల్లుడు ఫోన్లోంచి, హలో, సిగ్నల్ పోయిందా అంటున్నాడు. పెద్దబాబు లేచి వెళ్ళి నమూనాను గోడ నుంచి పీకి, చుట్టి, ఆ అమ్మాయి చేతిలో పెట్టి, నువ్వే చించేసుకో అమ్మా అన్నాడు. అది చించలేదు. అమ్మ కాళ్ళు ఉన్నయిగా అని, చుట్టినదాన్ని అట్టాగే చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేనీ కథంతా సంతోషంగా చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి బయటికి వెళ్ళగానే ఫోను మళ్ళీ పలికింది. ఈమె ఫోటో వద్దు సరే, ఇకనుంచి ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే తీద్దాం, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకుందాం అన్నాడు అల్లుడు. న్యాయంగా ఉందన్నారందరూ, పెద్దబాబు కూడా తల ఊపాడు. శవం పక్కన కూర్చున్నవాళ్ళు, గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడినవాణ్ణి కాదంటారా? కలం ఇస్తే సంతకం పెడతారు, సిరా చూపిస్తే వేలిముద్ర వేస్తారు. ఈ మాట నేను గట్టిగానే అన్నాను, అరిచాననే చెప్పాలి. రక్తపోటు బిళ్ళ వేసుకున్నారా అని లెక్చరరు గారు ఆప్యాయంగా అడిగారు.

జనానికి ట్రస్టీల కంటే తొందరగా అర్థమవుతుంది. ఆ తర్వాత మా సందులో ఇంకో చావు జరిగితే వాళ్ళు షోరూముకు కబురు పెట్టలేదు, వ్యాను వస్తుందేమోనని వీధి చివర ఒక మనిషిని కూడా నిలబెట్టారు. చిన్న కొట్లో అరువు చెప్పి గుడ్డ తెచ్చుకున్నారు. ఇంకోచోట ఇంట్లో ఉతికిన దుప్పటే కప్పారట. మొన్నటి మీటింగులో బావమరిది, తెల్లగుడ్డ అడిగేవాళ్ళు బాగా తగ్గిపోయారని చెప్పాడు. పేదరికం తగ్గుతోందనడానికి ఇదొక మంచి సూచన అన్నారు లెక్చరరు గారు, ఆ కిట్లను వచ్చే ఏడాది ఆపేసి, ఆ సొమ్ముతో శివరాత్రికి ఇంకో స్వాగత ద్వారం కట్టిద్దామన్నాడు అల్లుడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు బల్ల కిందనే ఉంచుకున్నాను.

పెద్దబాబు చెడ్డవాడు కాదు, వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు, అదే నా బాధ. ఇవ్వడం తండ్రి దగ్గరే నేర్చుకున్నారు, ఇంతకంటే ఎక్కువే ఇస్తున్నారు కూడా. ఇచ్చాక ఎదుటివాడి మొహంలోకి చూడకుండా వెనక్కి తిరగడం మాత్రం ఆయన ఎవరికీ విడిగా చెప్పలేదు, చూసి తెలుసుకుంటారనుకున్నారేమో. ఇప్పుడు పేటలో గుడ్డ లేక చచ్చేవాళ్ళు లేరంటున్నారు. నిజమే కావచ్చు. గుడ్డ కోసం మెట్ల దగ్గర నిలబడి, ఏమీ చెప్పకుండా, ఏమీ చెప్పించుకోకుండా వెళ్ళిపోగలిగిన చోటు కూడా ఊళ్ళో ఒక్కటి లేదు.