తల్లి బరువులోంచి బిడ్డ బరువు

నా ఉద్యోగమంతా కాలువ లాకుల దగ్గరే గడిచింది. పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రాయడం నా పని. రిటైరయ్యాక కూడా రాసే అలవాటు పోలేదు. అందుకే తొంభైల చివర్లో మండపేట దగ్గర మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి, "పిల్లల బరువులు రాసిపెడతారాండీ? నాకు వండటానికీ పెట్టడానికే సరిపోతంది" అని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

నెలకోసారి దూలానికి త్రాసు వేలాడదీసి, గుడ్డ జోలెలో పిల్లల్ని ఒక్కొక్కరినే పడుకోబెట్టి తూచేవాళ్ళం. రెండో నెలలో నాకొక ఆలోచన వచ్చింది. తెల్లటి అట్ట మీద స్కేలుతో గీతలు కొట్టి, ఎక్కువ బరువున్న పిల్ల పేరు పైన, తక్కువ బరువున్న పిల్ల పేరు కింద వచ్చేలా రాసి గోడకు అంటించాను. పట్టిక చాలా బాగా కుదిరిందని డైరీలో కూడా రాసుకున్నాను.

మూడో నెల ముగ్గురే వచ్చారు.

"పసిపిల్లల బరువు నోటితోనే చెప్పుకోరండీ, దిష్టని. మీరేమో గోడెక్కించేశారు" అంది టీచరమ్మ. ముందే చెబుదామనుకుని, పెద్దవాణ్ణని మొహమాటపడిందట. ఆ రోజే అట్ట చింపేశాను.

కానీ రాని వాళ్ళలో ఒక పిల్ల సంగతి నన్ను వదల్లేదు. ఎనిమిది నెలల ఆడపిల్ల, నా పట్టికలో ఆఖరి పేరు. రెండు నెలలూ ఒకే బరువు. పిల్ల పెరగడం లేదా, నేనే తప్పు రాశానా? మళ్ళీ తూస్తే గాని తెలియదు.

ఆ పిల్ల తల్లి ఉప్పుడు బియ్యం మిల్లులో కూలిపని చేసేది. ఉడికిన ధాన్యాన్ని సిమెంటు కళ్ళంలో ఆరబోసి, ఆడవాళ్ళు వరసలు పంచుకుని కాళ్ళతో తిరగేస్తుంటారు. మధ్యాహ్నం నేనూ టీచరమ్మా అక్కడికే వెళ్ళాం.

"నా పిల్ల అందరికన్నా ఆఖరని ఊరంతా చదివేశారండి. నాకు చదువు రాదని పక్కింటావిడ చదివి మరీ చెప్పింది" అంది ఆ అమ్మాయి, కాళ్ళు ఆపకుండానే.

"తప్పు నాదే అమ్మా. ఇంకొక్కసారి తూద్దాం."

కోడలికి అన్నం తెచ్చి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నీడలో కూర్చున్న అత్తగారు అందుకుంది.

"చేపని తూచినట్టు వేలాడేసి తూత్తారేంటండీ? మీ మనవణ్ణి తూచి అంటించుకోండి గోడకి! మా పిల్లని తూయనివ్వను. కావాలంటే దీని తల్లిని తూచుకోండి."

కళ్ళంలో ఆడవాళ్ళంతా నవ్వారు. ఆవిడ వెటకారానికే అన్నా, నాకు దారి దొరికింది. మిల్లు గుమ్మంలో బస్తాలు తూచే కాటా ఉంది.

"అలాగేనమ్మా, తల్లినే తూద్దాం. పిల్ల చంకలో ఉంటే ఉండనీండి" అన్నాను.

మిల్లు యజమాని అడ్డు చెప్పలేదు. ఆ అమ్మాయి పిల్లతో కాటా ఎక్కింది, రాసుకున్నాను. పిల్లని అత్తగారికిచ్చి ఒక్కతే ఎక్కింది, రాసుకున్నాను. తీసివేత డైరీలో చేశాను. మూడో నెలా అదే బరువు.

ఈసారి తల్లినీ అత్తగారినీ పక్కకి పిలిచి, మెల్లగా చెప్పాను. అత్తగారు వెటకారం మానేసింది. తల్లి తెల్లారకుండా పనికొస్తే, మధ్యాహ్నం దాకా పిల్లకి గంజినీళ్ళే పోస్తోందట. "పళ్ళు రాకుండా అన్నమేంటండీ, గొంతుకి అడ్డం పడదా?" అంది.

మర్నాడు నర్సమ్మ వచ్చి చూసింది. జబ్బేమీ లేదని, మెత్తగా పిసికిన పప్పన్నం, గుడ్డు పెట్టమని చెప్పింది. టీచరమ్మ అత్తగారి పక్కన కూర్చుని, మొదటి నాలుగు రోజులూ తనే తినిపించి చూపించింది. పది గంటలకీ, మూడింటికీ కూడా తల్లి పాలు ఇవ్వాలంటే పిల్లని కళ్ళానికి తేవాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పట్టికలో ఆఖరి పేరు చదివి చెప్పిన ఆ పక్కింటావిడే తెస్తానంది. తల్లి పాలిచ్చే కాసేపూ ధాన్యం ఎండెక్కిపోకుండా, ఆమె వరస మిగతా ఆడవాళ్ళు తిరగేస్తామన్నారు. పని జరిగితే తనకేం అభ్యంతరం లేదన్నాడు యజమాని.

తర్వాతి నెలలో ఆ కాటా దగ్గరికి మిగతా తల్లులు కూడా వచ్చారు. ఆ అమ్మాయి వంతు వచ్చింది. పిల్లతో ఒకసారి, పిల్ల లేకుండా ఒకసారి ఎక్కింది. నేను తీసివేత రెండుసార్లు చేశాను.

"పెరిగిందమ్మా" అన్నాను.

అత్తగారు నమ్మలేదు. "కోడలే ఒళ్ళు చేసిందేమో, సరిగ్గా చూడండి బాబుగారూ!"

డైరీ తిప్పి చూపించాను. "మీ కోడలు పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే. పెరిగిన బరువంతా పిల్లదే."

ఆవిడ డైరీ వంక కాదు, పిల్ల తొడల వంక చూసింది. రెండు వేళ్ళతో నొక్కి చూసి, చీర కొంగుతో పిల్లని కప్పేసింది.

"ఏమే, తూయడం అయ్యాక కూడా అక్కడే నిలబడ్డావ్! నీ వరస ఎంతసేపు తొక్కమంటావ్?" అని కళ్ళంలోంచి ఎవరో కేకేశారు.

"వత్తన్నానే!" అంటూ ఆ అమ్మాయి ఎండలోకి పరిగెత్తింది.