రోజమ్మ పెద్దమ్మ స్తోత్రాలు

నిన్న పొద్దున పంజాగుట్ట మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది.

మా రోజమ్మ పెద్దమ్మ పోయింది.

నేను వెళ్తున్నది ఆవిడున్న హాస్పిటల్‌కే. ముందురోజు కళ్ళు తెరుచుకునే ఉంది. అక్కడే మెట్ల మీద ఆగిపోయాను. జనం విసుక్కుంటూ పక్కనుంచి దిగిపోయారు.

అప్పట్నుంచి గ్రూపుల్లో అందరూ "ప్రార్థనాపరురాలు", "పుణ్యాత్మురాలు" అని పెడుతున్నారు. నేనూ టైప్ చేసి డిలీట్ చేశాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ పైన ఇల్లు. ప్రతి నెలా తొలి శుక్రవారం చుట్టాలందరం అక్కడ చేరేవాళ్ళం. జపమాల అయ్యాక కృతజ్ఞతా ప్రార్థన ఆవిడే చెప్పాలి. ఇంకొకరు నోరు తెరిస్తే ఊరుకునేది కాదు.

అది ప్రార్థన కాదు, పంచాయితీ.

మా తమ్ముడు థామస్‌కి పిల్లనిద్దామని వచ్చినవాళ్ళ ముందే కళ్ళు మూసుకుని, "ప్రభువా, మావాణ్ణి మూడు కంపెనీలు తీసేసినా, నాలుగోవాళ్ళకి వాడి సంగతింకా తెలియలేదు, నీకు స్తోత్రం" అంది. వచ్చినవాళ్ళు టిఫిన్ కూడా ముట్టుకోలేదు.

బిర్యానీని దీవించినా అంతే. "ఉప్పు మర్చిపోయిన చేతుల్ని కూడా ఆశీర్వదించు తండ్రీ."

నవ్వుకునేవాళ్ళం. మన వంతు వచ్చేదాకా నవ్వే.

ఆరేళ్ళ క్రితం నా వంతు వచ్చింది. పక్కన మా ఆయన, ఎదురుగా మా అత్తగారు.

"ప్రభువా, మా జ్యోతికి రెండుసార్లు కడుపు నిలవకపోయినా, దాని మొగుడు దాన్నింకా వదిలెయ్యలేదు. నీకు స్తోత్రం."

మొదటిది మా అత్తగారికి తెలియదు. మేం చెప్పలేదు.

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఏడుపు బయటికి రాకుండా అందరికంటే గట్టిగా అన్నాను.

చివర్లో పెద్దమ్మ ఎప్పటిలాగే ఒక్కొక్కరి నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసుకుంటూ వచ్చింది. నాకూ వేసింది, ఏమీ జరగనట్టు. యూసుఫ్‌గూడ చేరేదాకా ఆటోలో మా అత్తగారు మొహం బయటికి తిప్పుకునే కూర్చున్నారు.

ఆ తర్వాత వెళ్ళేదాన్నే. దీవెన టైముకి మాత్రం చెప్పులేసుకుని బయట నిలబడేదాన్ని. ఆవిడ చూసేది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.

పోయిన వారం పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పోయింది, మాట పోయింది. మొన్న ఫాదర్‌గారు వచ్చి రోగులకి పూసే పవిత్ర తైలం పూసి వెళ్ళాక, మా అమ్మ "జ్యోతీ, నువ్వు నాలుగు మాటలు ప్రార్థన చెయ్యవే" అంది.

చేశాను.

"ప్రభువా, మా పెద్దమ్మ శరీరంలో అన్నిటికంటే ముందు నోరే పడిపోయేలా చేశావు. నీకు స్తోత్రం."

ఆరేళ్ళు దాచుకున్న మాట. హాయిగా ఉంటుందనుకున్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. థామస్ ఏసీ వైపు చూస్తున్నాడు. సెలైన్ సరిచేస్తున్న నర్సు, "గట్ల అంటరా అమ్మా? ఆమెకు అన్నీ వినిపిస్తయి" అంది.

వినిపించింది. వంకరపోయిన పెదాలు కదిలాయి. "ఆ... మె..."

తర్వాత ఎడమ చెయ్యి లేచింది. బొటనవేలు ముందుకు పెట్టి, నా నుదురు కోసం గాల్లో వెతికింది.

నేను వంగలేదు.

చెయ్యి కాసేపు అలాగే ఉండి, దుప్పటి మీద పడింది. నేను బ్యాగ్ తీసుకుని వచ్చేశాను. రాత్రంతా ఆ చెయ్యే. నిన్న పొద్దున్నే బయల్దేరింది అందుకే, వంగుదామని.

ఇవాళ పెట్టెలో ఆవిడ చేతులకి జపమాల చుట్టారు. మూత వేసే ముందు వంగి, ఆ బొటనవేలికి నా నుదురు ఆనించాను. చల్లగా ఉంది.

వెళ్ళిరా పెద్దమ్మా. నీ ఆత్మకి శాంతి కలగాలి, మనసారా అంటున్నాను.

అక్కడ ప్రభువు ముందు మాత్రం, నా గురించి ఏ స్తోత్రమూ చెప్పకు.