మోగని బటన్ ఆయన మెడలో వేశాను

నాలుగేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. వంట చేసేటప్పుడు, డ్యూటీకి చీర కట్టుకునేటప్పుడు బరువు తెలియదు. మా ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తబోతూ, ఎత్తే ముందు తన చేతివంక ఒకసారి అనుమానంగా చూసుకుంటాడు. అప్పుడు తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. క్షమించమనీ కాదు. ఇందులో కొంత భాగానికి నేను ఇప్పటికీ సిగ్గుపడడం లేదు. అది ముందే చెప్పేస్తే మంచిది.

నేను బస్సు కండక్టర్ని. నరసరావుపేట నుంచి వినుకొండ, మళ్లీ వెనక్కి. మా ఆయన మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. ఒకరోజు రాయి జారి నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుము కిందకి స్పర్శ పోయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. మాకు పిల్లల్లేరు. రెండేళ్లు కష్టపడి, చేతుల బలంతోనే మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి తనంతట తాను మారడం నేర్చుకున్నాడు. ఆ నేర్చుకున్న రోజు వీధంతా పిలిచి చూపించాడు.

వినుకొండలో ఉండే మా ఆడపడుచు ఒక బటన్ తెప్పించి ఇచ్చింది. తాడుతో మెడలో వేసుకునేది, అగ్గిపెట్టంత ఉంటుంది. లోపల సిమ్, మాట్లాడుకోవడానికి చిన్న మైకూ స్పీకరూ ఉంటాయి. నొక్కి పట్టుకుంటే నా ఫోన్ మోగుతుంది. నేను ఎత్తకపోతే ఆడపడుచుకు, ఆమె ఎత్తకపోతే పక్కింటి మస్తాన్‌బీ పిన్నికి. ఎవరో ఒకరు ఎత్తేదాకా వదలదు. కిందపడితే, ఊపిరాడకపోతే నొక్కడానికి.

ఆయన అన్నిటికీ నొక్కాడు. ఫ్యాన్ ఆగిందని. బస్సు ఎక్కడిదాకా వచ్చిందని. ఈ రోజు డ్రైవరు ఎవరని. వెనక వినపడే మగగొంతు ఎవరిదని. ఒక ట్రిప్పులో పదకొండు సార్లు మోగింది. ఎత్తకపోతే మా ఆడపడుచు ఫోను, అన్నయ్యకేమైందోనని ఏడుపు. ఆయన సొంత ఫోన్ నుంచి చేస్తే నేను ఎత్తకుండా ఊరుకోగలనని ఆయనకు తెలుసు. అందుకే బటన్. ఒంటరితనం అంటారు మీరు. నాకు తెలియదా? రోజంతా ఆ గోడలు చూస్తూ కూర్చున్న మనిషి బాధ నాకంటే ఎవరికి తెలుసు? తెలిసినా నాకు ఊపిరాడలేదు. ఒకసారి ఆయనకు సమాధానం చెబుతూ ఒక పెద్దాయనకు టికెట్ కొట్టడం మరిచిపోయాను. తర్వాతి స్టాపులోనే తనిఖీవాళ్లు ఎక్కారు. మెమో ఇచ్చారు.

ఆ వారంలోనే మెసేజ్ వచ్చింది. బటన్‌లోని సిమ్ నా పేరు మీదే ఉంది. ఇంగ్లీషులో ఉంటే మా డిపోలో టికెట్ మిషన్లు బాగుచేసే అతనికి చూపించాను. పాత నెట్‌వర్క్ తీసేస్తున్నారనీ, మన పాత మిషన్లు మార్చిందీ అందుకేననీ, ఇది కూడా ఇక కలవదనీ చెప్పాడు. సిమ్ మారిస్తే సరిపోదా అని అడిగాను. లోపలి మిషనే పాతది, కొత్తది కొనాల్సిందే అన్నాడు.

కొనడానికి డబ్బు లేక కాదు. ఉంది. మెసేజ్ తుడిపేశాను.

పది రోజుల తర్వాత బటన్ మోగడం మానేసింది. ఎందుకు మోగడం లేదని ఆయన అడుగుతాడు కదా. అడిగాడు. ఊరికే మోగకుండా సెట్టింగు మార్పించానన్నాను. నిజంగా పడిపోయినప్పుడు గట్టిగా, చాలాసేపు నొక్కి పట్టుకుంటేనే మోగుతుందన్నాను. నమ్మాడు. ఆ రోజు నుంచి ఊరికే నొక్కడం మానేశాడు. మిగతావాటికి ఫోన్ చేసేవాడు, అది నా సంచిలో సైలెంట్‌లో ఉండేది.

తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలు నేను మనిషిలా బతికాను. మధ్యాహ్నం బస్సు ఖాళీగా ఉంటే కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూశాను. డ్రైవరుతో నవ్వుతూ మాట్లాడాను. దానికి సిగ్గుపడాలా? పడను. ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

కానీ ప్రతి ఉదయం ఆ బటన్‌కు ఛార్జింగ్ పెట్టాను. లైటు మామూలుగానే వెలిగేది. తీసి, నా చేతులతో ఆయన మెడలో వేసి డ్యూటీకి వెళ్లాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ ఏప్రిల్‌లో ఒకరోజు పదకొండు గంటలప్పుడు, గుమ్మం దగ్గర దొర్లిన నీళ్ల సీసా అందుకోబోయి ఆయన కుర్చీలోంచి పడ్డాడు. నడుము పైభాగం గదిలో, కాళ్లు బయట ఎండలో, నాపరాయి అరుగు మీద. కుర్చీ కాళ్ల మీదకి ఒరిగి ఇరుక్కోవడంతో లోపలికి ఈడ్చుకోలేకపోయాడు. ఫోన్ మంచం మీద ఉండిపోయింది. మస్తాన్‌బీ పిన్ని పెళ్లికని సత్తెనపల్లి వెళ్లింది. వీధిలో అన్ని తలుపులూ మూసి, కూలర్లు తిరుగుతున్నాయి. ఎవరికీ కేక వినపడలేదు. నేను రెండున్నరకు వచ్చాను. ఎడమ పాదం మీద చర్మం బొబ్బలెక్కి ఊడి ఉంది. నొప్పేమీ లేదే అన్నాడు. ఆయనకు నొప్పి తెలియదు కదా.

గుంటూరు ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మూడో రోజో నాలుగో రోజో, పైకప్పు చూస్తూ అన్నాడు:

"నొక్కానే. చానాసేపు పట్టుకున్నా. మోగలా. నా చేతుల్లో గూడా సత్తువ పోతందేమోనే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అక్కడ నోరు తెరిచి ఉంటే ఈ కాగితం అవసరమే ఉండేది కాదు. నేనేమన్నానో తెలుసా?

"వేలు జారిందేమో బావా, చెమటకి."

"అదే అయ్యుంటది," అన్నాడు.

ఇంటికొచ్చాక రబ్బరు బంతి తెమ్మన్నాడు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పిసుకుతూ కూర్చునేవాడు. డాక్టరు చేతులు పరీక్షించి బాగున్నాయన్నాడు. తనను భయపెట్టకూడదని దాస్తున్నారని ఆయన అనుకున్నాడు. ఆసుపత్రి నుంచి రాగానే పాత బటన్‌ను వినుకొండ బస్టాండు చెత్తకుండీలో పడేసి, కొత్తది కొనుక్కొచ్చాను. మెల్లగా తాకినా మోగింది. ఇది తన చేతులకు తగ్గట్టు తేలిగ్గా చేసినట్టున్నారు అన్నాడు. మంచం మీదకి తనంతట తాను మారడం మానేశాడు. పడిపోతానని భయం. ఇప్పుడు నేనూ పిన్నీ కలిసి ఎత్తుతాం. ఆయన బరువును కాదు, ఆయన నమ్మకాన్ని ఎత్తి ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

నెట్‌వర్క్ తీసేసినవాళ్ల మీదకి తోసెయ్యొచ్చా? వాళ్లు చెప్పారు. నేను చదివించుకున్నాను. ఆయన మీదకి తోసెయ్యొచ్చా, అన్నిసార్లు నొక్కి విసిగించినందుకు? కొంత తోస్తాను. అది నిజమే కాబట్టి. బావా, ఇది పనిచెయ్యదు, నాకు కొన్నాళ్లు గాలి కావాలి అని మొహం మీదే చెప్పి పోట్లాడి ఉండొచ్చు. నిశ్శబ్దం కోరుకున్నందుకు నన్నెవరూ నిలదీయడానికి వీల్లేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆయనకు తెలియకుండా ఆయన మెడలోంచి తీసుకున్నాను చూడండి, దానికి నిలదీయండి.

ఆయనకు చెబుతానా? ఏమో. చెబితే పాదం సంగతి కాదు, నాలుగేళ్లు తన చేతులను అనుమానించిన సంగతి అడుగుతాడు. ఆ ప్రశ్న ముందు నిలబడే ధైర్యం ఈ రోజుకు లేదు. ఇక్కడ రాసే ధైర్యం మాత్రం ఉంది.

ఆయన వేలు జారలేదు. గట్టిగానే నొక్కాడు.