ఐలేష్ బాపుకిచ్చిన జాగ

ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ వైపు పోయే దారిలో ఐలేష్‌కు తూర్పు ముఖం మూల ప్లాటు ఉంది. ప్లాటులో రెండంతస్తుల ఇల్లుంది. ఇంటి ముందు ముప్పై అడుగుల రోడ్డుంది. మనిషి మర్యాదస్తుడు. పెళ్లిళ్లలో ఆఖరి బంతిలో కూర్చుంటాడు, చావుల్లో పాడె కట్టడానికి ముందుంటాడు. అతని జీవిత చరిత్రలో సిగ్గుపడవలసిన సంగతి ఒక్కటే. అది ఆ రోడ్డు కింద ఉంది. ఆ సంగతి ఐలేష్‌కు తెలుసు, వెంచరు వేసిన మహిధర్‌కు తెలుసు. ఐలేష్ తల్లి ఎంకమ్మకు మాత్రం తెలియదు. తెలియకుండా చూసుకోవడమే కొన్నేళ్లుగా ఐలేష్ చేస్తున్న ముఖ్యమైన ఉద్యోగం.

ఒకప్పుడు అదంతా వాళ్ల కందిచేను. చేనున్న ఇంటివాళ్లు తమ పెద్దలను చేన్లోనే పూడ్చడం ఇక్కడి రివాజు. బతికినన్నాళ్లూ ఆ మట్టినే దున్నిన మనిషిని పోయాక వేరే చోటికి పంపడం బాగుండదని కాబోలు. మీద ఒక బండ నిలిపి, ఏటా పెద్దలకు పెట్టుకునే పెత్రామాస నాడు గారెలూ, సీసాలో ఇంత కల్లూ, ఆయనకు అలవాటున్న బీడీల కట్టా పెట్టి వస్తారు. ఐలేష్ తండ్రి మల్లయ్య కూడా ఆ పద్ధతిలోనే కందిచేను నడుమ పడుకున్నాడు. ఎవరికీ అడ్డం రాలేదు, లేఅవుటు వచ్చేదాకా.

లేఅవుటు నిబంధనలు చాలా దయగలవి. అందులో అందరికీ చోటుంది. రోడ్డు ముప్పై అడుగులకు తగ్గరాదు. వంద గజాలకు పది గజాల చొప్పున పార్కుకు వదలాలి. ఆ రోడ్లనూ పార్కునూ మునిసిపాలిటీకి దానపత్రం రాసివ్వాలి. మురికినీటికి కాలువ చూపాలి, వాననీటికి గుంత చూపాలి, కరెంటు స్తంభానికి నిలబడేందుకు జాగ చూపాలి. చచ్చిపోయిన పట్టాదారుకు ఎంత చోటు వదలాలన్నది మాత్రం రాసినవాళ్లకు తట్టలేదు.

మహిధర్ తన కారు బానెట్ మీద నక్షా పరిచి, దాని మీద వేలు పెట్టాడు.

"ఐలేషన్నా, మీ బాపు సక్కగ రోడ్డు నడుమల పడ్డడు."

"జర పక్కకు జరుపరాదు?"

"ఎవరిని? బాపునా, రోడ్డునా?"

"రోడ్డునే."

"జరుపుత, నాదేం పోయింది. రోడ్డు వంకర పోతది, నీ మూల ప్లాటు మూడు మూలలైతది. మూడు మూలల జాగల ఇల్లు కడితె ఏమైతదో నేను చెప్పాల్నా?"

ఏమవుతుందో ఐలేష్‌కు తెలియదు. అడగలేదు కూడా. బండ వైపు ఒకసారి, నక్షాలో నాలుగు మూలలూ చక్కగా ఉన్న తన ప్లాటు వైపు ఒకసారి చూశాడు.

"సరే తియ్. సక్కగనే పోనియ్" అన్నాడు.

రోలరు వచ్చిన రోజు అతనికి పశువుల సంతలో అర్జెంటు పని పడింది. అమ్మడానికి బర్రె లేదు, కొనే ఆలోచన లేదు. అయినా పొద్దుగూకేదాకా సంతలో ఎడ్ల పళ్లు చూస్తూ తిరిగాడు. తిరిగి వచ్చేసరికి రోడ్డు చదునుగా, అందంగా, నిబంధనల ప్రకారం ఉంది. బండ పక్కన పడి ఉంది. దాన్ని ట్రాక్టరులో వేయించి, పార్కుకు వదిలిన జాగలో నిలబెట్టించి, సున్నం కొట్టించాడు.

ఎంకమ్మ అప్పుడు కంటి ఆపరేషనై అబ్దుల్లాపూర్‌మెట్‌లో కూతురి దగ్గర ఉంది. కళ్లద్దాలతో తిరిగి వచ్చి చూస్తే చేను లేదు, గట్లు లేవు, బాయి లేదు. ఎర్రమట్టి, అందులో తెల్లరాళ్లు. తూర్పు ఎటో కూడా సూర్యుణ్ణి అడిగి తెలుసుకోవలసిందే.

"మీ బాపేడిరా?"

"పార్కులున్నడమ్మా. ఆ జాగ వదిలిపెట్టమన్న. మంచిగ నీడ వస్తది."

"మంచి పని చేసినవ్ బిడ్డా" అంది ఎంకమ్మ. ఆ మెప్పును ఐలేష్ ఈనాటికీ జీర్ణించుకోలేదు. అప్పటి నుంచి ఏటా ఆమె పార్కులో బండ ముందు కూర్చుని మొగుడితో ముచ్చట పెడుతుంది. ఐలేష్ పక్కన నిలబడి, ఖాళీ నేలకు దండం పెడతాడు.

ఈ పెత్రామాసకు ఆమె గారెలు పెట్టి, బీడీ ముట్టించి బండ ముందు పెడుతుండగా మునిసిపాలిటీ జీపు వచ్చింది. పార్కులో నడక బాట వేయాలట. భాగ్యశ్రీ అనే ఆఫీసరు దిగింది. వెనుక గడ్డపారలతో ఇద్దరు కూలీలు దిగారు.

"పెద్దమ్మా, పార్కు జాగల సమాధి ఉండొద్దు. రూల్ ఒప్పుకోదు."

ఎదురింటి పాషా మియా మార్నింగ్ వాక్ ఆపి వచ్చాడు. కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"మేడం, మనిషిని పెట్టిన ఖబర్ అది. పార్కు ఇయ్యాల వచ్చింది, ఆయన ఎన్నడో వచ్చిండు. ముందు వచ్చినోన్ని లేపుతరా?" అని, బండకు అడ్డంగా నేల మీద కూర్చున్నాడు. "ఐలేష్ భాయ్, నువ్వేం ఫికర్ చేయకు. నీ బాపు మా అందరికి బాపే."

చూస్తుండగా కాలనీ సగం వచ్చి కూర్చుంది. మల్లయ్య మొహం కూడా ఎరగని మనుషులు మల్లయ్య కోసం ఎండలో కూర్చున్నారు. ఐలేష్ అందరి వెనుక నిలబడ్డాడు. పాషా మియా లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టాడు.

భాగ్యశ్రీ మంచిదే. ఎంకమ్మ పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పింది. "మేమే మర్యాదగ తవ్విస్తం. ఎముకలు తీసి, బట్టల కట్టి, శ్మశానంల మంచి జాగల పెడతం. బండ గూడ అక్కడనే నిలబెడతం."

ఎంకమ్మ బండ మీద చెయ్యి వేసింది.

"సరే బిడ్డా. తియ్యుండ్రి. గాని నా ముందటనే తియ్యాలె. ఎముకలు నా ఒళ్లె పెట్టాలె."

ఆమె కొంగు పరిచింది. పాషా మియా కళ్లు తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. కూలీ గడ్డపార ఎత్తాడు.

"ఆగు" అన్నాడు ఐలేష్. "ఈడ ఏం లేదు."

"ఏం లేకపోవుడేంది?" అంది తల్లి.

"బాపు ఈడ లేడమ్మా. బండ ఒక్కటే తెచ్చిన. బాపు మనింటి ముందట రోడ్డు కిందున్నడు."

పాషా మియా లేచి, పైజామాకంటిన దుమ్ము అవసరమైన దానికన్నా ఎక్కువసేపు దులుపుకున్నాడు. ఐలేష్ వైపు చూడలేదు.

"రోడ్డేస్తుంటె నువ్వేడున్నవ్?" అంది ఎంకమ్మ.

"సంతకు పోయిన."

"ఏం తెచ్చినవ్?"

"ఏం తేలె."

"రోడ్డు జర వంకర పోతె ఏమైతుండె?"

"ప్లాటు మూడు మూలలైతుండె."

ఆమె తిట్టలేదు. తిడితే తనకు కొంచెం మేలు జరుగుతుందని ఐలేష్ ఆశపడ్డాడు. ఆమె గారెలు మళ్లీ విస్తరిలో పెట్టుకుని, కల్లు సీసా అందుకుంది. ఆరిన బీడీని చెవి మీద పెట్టుకుంది.

"రాయి తీసుకపో బిడ్డా. ఉత్త రాయే గద" అని భాగ్యశ్రీతో అని, రోడ్డు పట్టింది.

ఇంటి ముందుకు వచ్చాక ఆగింది. "ఏడ?"

ఐలేష్ చూపించాడు. సరిగ్గా నడుమకు. ఎంకమ్మ అక్కడే కూలబడి, తారు మీద విస్తరి పరిచి, కల్లు వంచి, బీడీ మళ్లీ ముట్టించింది. తారు కల్లును తాగలేదు. అది వాలు చూసుకుని, ఇంకుడుగుంత వైపు పారింది.

బడంగ్‌పేట్ వైపు నుంచి ఒక నీళ్ల ట్యాంకర్ వచ్చి హారన్ కొట్టింది. ఎంకమ్మ తల ఎత్తలేదు.

"ఆగుమను. మీ బాపు తింటుండు."

ఐలేష్ వెళ్లి ట్యాంకర్‌కు అడ్డంగా నిలబడి చెయ్యి ఎత్తాడు. వెనుక ఆటో ఆగింది, ఆటో వెనుక స్కూలు బస్సు ఆగింది. గేట్ల దగ్గర, మేడల మీద కాలనీ అంతా నిలబడి చూస్తోంది.

డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏమైందన్నా? ఎవలన్న పడ్డరా?"

"మా బాపు" అన్నాడు ఐలేష్, నేలను చూస్తూ.

"దవాఖానకు తీసుకపోరాదు మరి?"

ఐలేష్ ఎత్తిన చెయ్యి దించలేదు. వెనుక తల్లి ఏదో ముచ్చట మొదలుపెట్టింది. అన్నేళ్లుగా రాయికి చెప్పిన సంగతులన్నీ ఆయనకు మొదటి నుంచి చెప్పుకొస్తోంది.