గెడ్డ అవతలికి పిడికెడు

మా డిటాచ్‌మెంటు కోటబొమ్మాళి స్టేషన్లో దిగింది డిసెంబరు పదో తారీకు, ఉదయం ఆరున్నరకి. తుపాను దాటి వారమైంది. వాన లేదు, గాలి లేదు. ఏమీ జరగనట్టు ఎండ కాస్తోంది. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు, పడమటికి పడి ఉన్నాయి. కోతకొచ్చిన వరి చేలోనే పడుకుని, పడుకున్నచోటే మొలకెత్తింది.

మేము పద్నాలుగు మందిమి. కమాండరు ఒక కల్నల్, ఆయనే డాక్టరు. నేను మేజర్ హోదాలో నర్సింగ్ ఆఫీసరుని. సామాను రెండు లారీలు: టెంట్లు, సెలైన్ పెట్టెలు, బ్లీచింగ్ పౌడరు, నీళ్ళు కాచే డ్రమ్ములు. సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల ఒక హైస్కూలు. అందులో పైకప్పు మిగిలిన గదులు నాలుగు. మధ్యాహ్నానికి అవే ఆస్పత్రి అయ్యాయి.

నా ఊరు గజపతినగరం పక్కన. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. మంచులో పనిచేశాను, ఎడారిలో పనిచేశాను. ఇంటికి అంత దగ్గరలో డ్యూటీ పడడం అదే మొదలు, అదే ఆఖరు. ఇరవైనాలుగు మధ్యాహ్నం నుంచి నాకు మూడు రోజుల సెలవు మంజూరైంది. ఆరేళ్ళ తర్వాత అమ్మ దగ్గర క్రిస్మస్.

జబ్బు అతిసారం. కల్నల్ మొదటిరోజే మూడు ఆర్డర్లు ఇచ్చారు. కాచని నీళ్ళు ఎవరూ తాగకూడదు. క్యాంపు బియ్యం ఒక్క గింజ బయటికి పోకూడదు. జబ్బు తగ్గేదాకా ఊళ్ళో విందులు, ఉమ్మడి వంటలు వద్దు. మూడూ సరైన ఆర్డర్లే. ఈరోజు నన్నడిగినా అవే రాస్తాను.

మా వైర్‌లెస్ నాయక్‌ది కర్నూలు. రెండోరోజు సెట్టు వదిలి నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, పడవవాళ్ళని ఏమడిగినా ఏటి, ఏటి అంటున్నారు. ఏరు ఎక్కడుందో మ్యాపులో కనపడలేదు."

"ఏరు లేదు నాయక్. గెడ్డ ఉంది, చిన్న వాగు. ఏటి అంటే ఏమిటి అని. నువ్వు చెప్పేది వాళ్ళకి అర్థం కావడం లేదు."

"నాకు వాళ్ళది, వాళ్ళకి నాది. ఇద్దరిదీ తెలుగే కదా మేడం" అని తల గోక్కుంటూ పోయాడు.

ఆ గెడ్డ అవతల ఉప్పు మళ్ళున్నాయి. ఒడిశా నుంచి పనికొచ్చిన ఇరవై కుటుంబాలు అక్కడ పాకలు వేసుకుని ఉంటున్నాయి. పాకలు పోయాయి. రేషన్ కార్డులు సరిహద్దు అవతల ఉన్నాయి గనక సాయం బియ్యం లిస్టులో వాళ్ళ పేర్లు లేవు. మేము మందులివ్వగలిగాం. బియ్యం ఇవ్వలేకపోయాం. కల్నల్ రెండుసార్లు అధికారులతో సెట్టులో మాట్లాడారు. చూస్తామన్నారు. గెడ్డ అవతలివాళ్ళు పీతలు పట్టుకుని ఉడకబెట్టుకుంటున్నారు.

రూతమ్మ మా ఆస్పత్రికి వచ్చింది పన్నెండో తారీకున. అరవై దాటిన విధవరాలు, ఊళ్ళో బాప్టిస్టు సంఘం మనిషి. నాలుగు సీసాల సెలైన్ ఎక్కించాక లేచి కూర్చుంది. కోలుకున్న ఆడవాళ్ళకి వంటశాలలో బియ్యం ఏరే పని పెట్టాం, చేతులు సబ్బుతో కడిగించి. పద్దెనిమిదో తారీకున నేను వంటశాల తనిఖీకి వెళ్ళేసరికి రూతమ్మ చేటలోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న మట్టికుండలో వేస్తోంది.

"ఏటది?" అన్నాను. యూనిఫాంలో ఉండగా నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆమె కంగారుపడలేదు. "పిడికెడు బియ్యం, సిస్టరమ్మా. గెడ్డవతలోల్లకి. క్రిస్మస్ నాటికి ఓ పూట వస్తాది."

"ఇది నీ ఇల్లు కాదు. ఇది ఆస్పత్రి బియ్యం."

"బియ్యం ఎవులివైనా ఎసట్లో పోసినప్పుడు పిడికెడు తియ్యకుండా నానెప్పుడూ వొండనేదు. నా వంతు కూడు తగ్గించుకోండి."

బయటివాళ్ళకి తెలియదు గనక చెబుతాను. మా సంఘాల్లో ఆడవాళ్ళు వండిన పూటల్లా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం అది గుడికి, అంటే చర్చికి పోతుంది. అక్కడినుంచి, లేనివాళ్ళకి. నేను పదో తరగతిదాకా చదివింది మిషను హాస్టల్లో. అక్కడ మాకు వండి పెట్టింది ఆ బియ్యమే. ఎవరెవరి పిడికిళ్ళో నాకు తెలియదు. నా ఎముకలు దాంతోనే గట్టిపడ్డాయి.

వంటశాల హవల్దారుది బరంపురం. తూకం తగ్గుతోందని రెండురోజులుగా గొణుగుతున్నాడు. ఆ కుండ అతని కంటపడింది, సంగతి కల్నల్ దాకా పోయింది. దొంగతనం అన్నారాయన. బియ్యం స్టోరుకి తిప్పించి, మర్నాడు ఆమెని డిశ్చార్జి చెయ్యమన్నారు.

నేను అటెన్షన్‌లో నిలబడ్డాను.

"సర్, ఆర్డరు క్యాంపు బియ్యానికి. ఇళ్ళకి సాయంగా ఇచ్చిన బియ్యానికి కాదు కదా?"

"కాదు. కానీ ఉమ్మడి వంట వద్దన్నాను."

"జబ్బు రాకూడదని అన్నారు. నీళ్ళు నేను కాయిస్తాను. చేతులు నేను కడిగిస్తాను. ఒక్కరికి విరేచనం పట్టినా నా మీద రాయండి."

"మీరు ఇరవైనాలుగు మధ్యాహ్నం నుంచి సెలవులో ఉంటారు, మేజర్."

"అవును సర్. సెలవులోనే ఉంటాను."

"సెలవులో ఉన్న ఆఫీసరు ఏ గట్టు మీద కూర్చుంటారో నేను అడగను" అన్నారు.

హవల్దారు కుండ బోర్లించి ఖాళీ చేశాడు. రూతమ్మ ఆ కుండనే చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున్న ఆ వీధిలో మందులివ్వడానికి వెళ్ళాను. కూలిన గోడ పక్కన మూడు రాళ్ళ పొయ్యి. ఎసరు కాగుతోంది. ఆమె నన్ను చూసి, నా కళ్ళలోకే చూస్తూ, తనకిచ్చిన సాయం బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేసింది. పక్క పొయ్యి దగ్గర ఇంకో ఆవిడ అదే పని చేసింది. ఆ పక్కావిడ కూడా. వాళ్ళెవరికీ ఆ రోజు కడుపునిండా కూడు లేదు. ఆ సంగతి వాళ్ళ బరువులు చూసే నాకు తెలుసు.

అమ్మకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. అమ్మ అటునుంచి ఒకే మాట అడిగింది.

"పిడికెడు కుండ కాడ ఉన్నావేటి?"

"ఆఁ."

"అయితే రాకు" అని పెట్టేసింది.

ఇరవైఐదు పొద్దున్న పైకప్పు లేని గుడిలో ఆరాధన. ఆకాశం కింద పాటలు. పది గంటలకి పడవలో గెడ్డ దాటాం. రూతమ్మ, నలుగురు ఆడవాళ్ళు, రెండు డేగిసాలు, కాచిన నీళ్ళ డబ్బాలు, నా సబ్బులు. నేను చీర కట్టుకున్నాను. గట్టెక్కేసరికి వెనక ఇంకో పడవ వచ్చింది. అందులో మా హవల్దారు, ఒళ్ళో బెల్లం దిమ్మలు.

"నీకు సెలవెవరిచ్చారు?"

"కడుపునొప్పని చెప్పి వచ్చానండి. బెల్లం నా సొంతం, బజార్లో కొన్నాను."

"కడుపునొప్పికి నా దగ్గర మందుంది. చేదుగా ఉంటుంది."

"పరమాన్నం తిన్నాక వేసుకుంటానండి" అని పొయ్యికి రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు.

బియ్యం ఎసట్లో పోసేముందు రూతమ్మ అలవాటుగా అందులోంచీ ఒక పిడికెడు తీసి తన కుండలో వేసుకుంది.

"ఇవి పిడికెడు బియ్యమే కదా, మళ్ళీ ఏటి?" అన్నాను.

"వచ్చే వారానికి" అంది.

ఉప్పు మళ్ళవాళ్ళంతా అది చూశారు. చిన్నా పెద్దా అందరిచేతా మోచేతులదాకా సబ్బుతో కడిగించాను. గోళ్ళు చూశాను. ఇద్దరిని మళ్ళీ పంపించాను. అరిటాకులు కాచిన నీళ్ళతో తుడిపించాను. పరమాన్నం వడ్డించాం, పొగలు కక్కుతూ.

ఎవరూ ముద్ద ఎత్తలేదు. ముందు కూర్చున్న ఒకామె లేచింది. సన్నటి మనిషి, ఉప్పుకి అరికాళ్ళు పగిలి ఉన్నాయి. ఆకులోంచి ఒక పిడికెడు పరమాన్నం తీసుకుని రూతమ్మ కుండ దగ్గరికి వచ్చి అందులో వేసింది. ఆమె వెనక ఇంకొకామె లేచింది.

"ఒసే, వొండింది కాదే" అని రూతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "బియ్యమే ఎయ్యాల. మీరు తినండే."

ఆ సన్నటామె సగం ఒడియా, సగం తెలుగు కలిపి అంది: "మీరేసినారు. మాకూ సెయ్యి ఉన్నాది."

రూతమ్మ చెయ్యి తీసేసింది. ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేసి, తర్వాతే తిన్నారు. హవల్దారు మొహం తిప్పుకుని పొయ్యిలో కర్రలు సర్దాడు. సర్దాల్సిన అవసరం లేదు, పొయ్యి ఆరిపోయింది.

ఎవరికీ విరేచనాలు పట్టలేదు. మూడురోజులూ చూశాను. ఇరవైఎనిమిదిన క్యాంపు ఎత్తేశారు. దారిలో ఒక్కపూట ఇంటికి వెళ్ళాను. అమ్మ వాకిట్లోనే అడిగింది, "అందరికీ సరిపోయిందేటి?" మిగిలిందని చెప్పాను. నమ్మలేదు.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా సంఘం కుర్రాళ్ళు బియ్యం తేవడం మానెయ్యమంటున్నారు. పురుగు పడుతుందట, ఫోన్లో పంపితే తేలికట. మీకు తేలికైతే పంపండి, కాదనను. నేను బియ్యమే తెస్తాను. పురుగుంటే ఏరి తెస్తాను. ఇవ్వడమంటే ఉన్నవాడు చేసే పని అని మీకు నేర్పినవాళ్ళెవరో నాకు తెలియదు. గెడ్డ అవతల నేను చూసింది అది కాదు.

చూసింది ఇదీ. తిరుగు పడవలో కుండ నా ఒళ్ళో ఉంది. మూత లేదు. అడుగున తెల్లటి బియ్యం, పైన బెల్లం రంగు పరమాన్నం. చల్లారి గట్టిపడింది. దాని మీద వేళ్ళ గుర్తులు. నాలుగు, నాలుగు, నాలుగు, ఒకదాని మీద ఒకటి.