ముహూర్తం కాని సైకిల్ దారి

రాయగడలో వీధులు ఊడ్చే దాలయ్య, లారీల మధ్య పాత సైకిలు తొక్కుకుంటూ ఇన్నేళ్ళు బతికి బట్టకట్టాడంటే అది సర్కారు చలవేమీ కాదు. అయినా సర్కారుకు ఆలస్యంగానైనా జాలి పుట్టింది. స్టేషనుకు పోయే రోడ్డు వారన సైకిళ్ళ కోసమని పచ్చరంగు దారి వేయించింది.

రంగు ఆరకముందే దాలయ్యకు కొత్త డ్యూటీ పడింది. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా ఆ దారిలోకి సైకిలన్నది రాకుండా కాపలా కాయాలి.

"సైకిళ్ళ దారిలో సైకిళ్ళనే ఆపమంటే ఎలాగ బాబూ?" అని మేస్త్రీ మన్మథరావును అడిగాడు.

"గృహప్రవేశం అవ్వకుండా కొత్తింట్లో కాపురం ఎడతావేటి? ఇదీ అంతే" అన్నాడు మన్మథరావు.

మంత్రిగారికి తీరిక దొరకలేదు. దొరికేసరికి మూఢం వచ్చిపడింది. ఈలోగా దాలయ్య రోజూ ఆ దారిని నట్టింటిలా ఊడ్చి, బడిపిల్లల సైకిళ్ళను లారీల వైపు మళ్ళించి, డ్యూటీ దిగాక తానూ ఆ లారీల మధ్యనుంచే ఇంటికి పోయేవాడు. అధికారుల జీపులు మాత్రం పచ్చరంగు మీదే నీడ చూసుకుని ఆగేవి. వాటికి ముహూర్తంతో పనేముంది, అవి సైకిళ్ళు కావు కదా.

ఒక సాయంత్రం వెనకనుంచి లారీ రాసుకుపోయింది. దాలయ్య సైకిలుతో సహా ఆ దారి మీద పడ్డాడు. మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. మన్మథరావు ఆదరాబాదరా పరిగెత్తుకొచ్చి, వంగి, నేలను చేత్తో తడిమి చూశాడు.

"రంగు గాని లేసిపోనాదేటి దాలయ్యా?"